గజ్జెలు లేవని చెప్పిన రోజు

డోర్నకల్ నుంచి కార్డు వచ్చినప్పుడు నేను పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. కార్డులో మూడే మాటలు: "తమ్మీ, స్పీకర్లు చచ్చినయ్. ఆదివారం రా. విని చెప్పు." కుశల ప్రశ్నలు లేవు. మా ఇద్దరి మధ్య ఉత్తరాలు ఎప్పుడూ అంతే. పెళ్ళాం పిల్లల సంగతి అడగం, కెపాసిటర్ సంగతి అడుగుతాం. నా భార్య ఆ కార్డు నాకంటే ముందే చదివింది. "చచ్చినయ్ అంటే ఎవరికి ఏమైందో అని పరేషాన్ అయిన" అంటూ దాన్ని నా ఒళ్ళో పడేసి పోయింది.

ఆ కార్డు రాసిన మనిషి గూడ్సు బండి గార్డు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ఆయన్ని నేను అన్నా అని పిలిచేవాణ్ణి. మా స్నేహం అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం నడిచేటప్పుడు మొదలైంది. అప్పుడు నేను జనగామలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్నాను. చదువులు ఆగిపోయాయి, పరీక్షలు లేవు. ఒక పగలు స్టేషన్ దగ్గర పట్టాల మీద కూర్చొని ఒక గూడ్సును ఆపాం. అరిచీ అరిచీ గొంతులు ఎండాక, గార్డును కిందికి దింపి జై తెలంగాణ అనిపించాలని నలుగురం చివరి డబ్బా దాకా నడిచాం. ఆయన అప్పటికే ఆ రెండు మాటలు సుద్దముక్కతో డబ్బా మీద రాసుకొని, మెట్టు మీద కూర్చొని బీడీ తాగుతున్నాడు. పక్కన ఒక మట్టి కుండ. దాని మూతి మీద ట్రాన్సిస్టరు బోర్లించి ఉంది. కుండలోంచి వార్తలు వస్తున్నాయి.

ఆ వార్తలు చదివే గొంతును రోజూ వింటున్నవాణ్ణే. కానీ అంత నిండుగా, మనిషి ఎదురుగా కూర్చొని చెప్తున్నట్టు ఎప్పుడూ వినలేదు. వచ్చిన పని మరిచిపోయి, కుండ ఎందుకని అడిగాను.

"మూతి చిన్నగుండాలె, కడుపు పెద్దగుండాలె తమ్మీ. గప్పుడు మోత లోపల నిలవడి బయటికొస్తది" అన్నాడు.

నాతో వచ్చిన ముగ్గురూ నన్ను చూసి మొహం చిట్లించుకొని వెళ్ళిపోయారు. బండి కదిలేదాకా నేను ఆ మెట్టు దగ్గరే ఉండిపోయాను. ఉద్యమంలో నేను చేసిన ఘనకార్యం అదొక్కటే.

తర్వాత నాకు మహబూబాబాద్‌లో సైన్సు టీచరు ఉద్యోగం వచ్చింది. అక్కడి నుంచి డోర్నకల్‌కు ప్యాసింజరులో గంట కూడా పట్టదు. ఇద్దరం ఒకరి ఇంటికొకరం స్పీకర్లు వినడానికి పోవడం మొదలైంది. మాకొక పద్ధతి ఉండేది. వినడానికి వచ్చినవాడు తనకు బాగా తెలిసిన క్యాసెట్టు తానే తెచ్చుకోవాలి. కళ్ళు మూసుకొని వినాలి. విన్నది విన్నట్టు చెప్పాలి. తిన్న అన్నం, తాగిన చాయ్ మొహం చూసి మాట మార్చకూడదు. నేను మొదటిసారి టేకు పెట్టెల్లో స్పీకర్లు బిగించి గొప్పగా ఆయన్ని పిలిచినప్పుడు, రెండు నిమిషాలు విని, "రేకుల షెడ్డు మీద వాన పడ్డట్టున్నది" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మూడు నెలలు మాట్లాడలేదు. తర్వాత ఎవరూ చూడకుండా పెట్టెల్లో దూది కూరి చూశాను. ఆయన చెప్పింది నిజమే. అప్పటినుంచి లోకంలో ఎవరి మాట నమ్మకపోయినా ఆయన చెవిని నమ్మేవాణ్ణి. ఆయన కూడా నా చెవిని అట్లాగే నమ్మేవాడు.

ఈ కార్డు వచ్చింది ఎనభై ఒకటిలోనో ఎనభై రెండులోనో. ఆదివారం పొద్దున నా క్యాసెట్టు జేబులో పెట్టుకొని బండెక్కాను. నర్సింహులపేట దగ్గర ఒక పల్లెలో ఒక ఇంటి ముందు పందిట్లో ఒగ్గు కథ చెప్తుంటే నేనే రికార్డు చేసిన క్యాసెట్టు అది. అందులో డోలు ఉంది, తాళాలు ఉన్నాయి, ఒక ముసలామె దగ్గు ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా కథకుడి కాళ్ళ గజ్జెలు ఉన్నాయి. నాసిరకం స్పీకర్లలో ఆ గజ్జెలు ఇసుక రాలినట్టు గరగరమంటాయి. మంచివాటిలో అతను ఎటు తిరిగాడో, ఏ కాలు ముందు వేశాడో తెలుస్తుంది. మేమిద్దరం దాన్ని ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు.

క్వార్టరు తలుపు వదిన తీసింది. రెండు చెవుల్లో దూది పెట్టుకొని ఉంది.

"చెవిపోటా వదినా?" అన్నాను.

"ఆఁ, జర" అని పక్కకు తప్పుకుంది. నా మొహం వంక సూటిగా చూడలేదు.

ఆయన ముందు గదిలో నేల మీద కూర్చొని ఉన్నాడు. చుట్టూ వైరు ముక్కలు, విప్పేసిన స్పీకర్లు, టంకం వాసన. ఆయన స్పీకర్లు ఎట్లా ఉంటాయో చెప్పాలి. నీళ్ళు పోసుకునే పెద్ద మట్టి గోలాలు రెండు. బయ్యారం దిక్కున ఒక కుమ్మరి పక్కన కూర్చొని, గోడ మందం వేలితో కొలిచి మరీ చేయించుకున్నవి. వాటి మూతుల మీద లావు శబ్దాలు పలికే పెద్ద స్పీకర్లు పైకి చూస్తూ ఉంటాయి. వాటికి జానెడు ఎత్తున, తీగకు వేలాడే కొబ్బరి చిప్పల్లో సన్నటి శబ్దాలకోసం ట్వీటర్లు అనే చిన్న స్పీకర్లు. చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు, విన్నాక నవ్వు ఆపేసేవాళ్ళు. ఆ కుమ్మరి కాలం చేశాడు. అట్లాంటి గోలాలు మళ్ళీ కావాలన్నా దొరకవు.

గోడకు ఒక గడ్డపార ఆనించి ఉంది.

"మూడు జతలు మార్చిన తమ్మీ. హైదరాబాద్ పోయి తెచ్చిన. వైర్లు మార్చిన. కెపాసిటర్లు మార్చిన. ఏం జేసినా గొంగడి కప్పినట్టే వస్తున్నది. సన్నపు మోత అసలే లేదు." ఆయన గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ ఉంది. "అన్ని కొత్తయే. ఇగ మిగిలింది గోలాలే. ఏండ్ల సంది చెమ్మ తాగి మట్టి చచ్చింది. నువ్వు గూడ విని గదే మాట అంటే ఇయ్యాలనే పలగ్గొట్టి పారేస్త. నాలుగింటికి నాకు బండున్నది. గా లోపల తేల్చాలె."

సరేనని క్యాసెట్టు ఇచ్చాను. ఆయన బటన్ నొక్కాడు. పక్క క్వార్టరులో ఎవరో కిటికీ ధడాలున మూశారు. నేను కళ్ళు మూసుకున్నాను.

మొదటి గజ్జె చప్పుడుకే కళ్ళు తెరిచాను. చెవుల్లో సూదులు దింపినట్టుంది. తాళాలు పళ్ళ దాకా దిగుతున్నాయి. ఆంప్లిఫయరు వైపు చూస్తే, సన్నటి శబ్దాన్ని పెంచే నాబు చివరి గీత దాకా తిప్పి ఉంది. ఇంకొంచెం తిప్పితే విరిగేలా ఉంది. స్పీకర్లకు ఏ జబ్బూ లేదు. ఆ నాబు తగ్గిస్తే అవి ఎప్పటికంటే బాగా పాడతాయి.

ఆయన చెవి వెనక చెయ్యి పెట్టుకొని, గోలెం మీదికి వంగి, నా మొహంలోకి చూస్తున్నాడు.

"గజ్జెలు వినవడ్తున్నయా?" అన్నాడు.

నాకు అప్పుడు అర్థమైంది. సన్నటి శబ్దం చచ్చింది స్పీకర్లలో కాదు. ముప్పై ఏళ్ళు ఇనుప డబ్బాల గోలలో బతికిన మనిషి. మూడు జతల ట్వీటర్లు మార్చాడు, కెపాసిటర్లు మార్చాడు, వైర్లు మార్చాడు. తన చెవిని మాత్రం ఒక్కసారైనా అనుమానించలేదు. మా జాతే అంత. వినబడకపోతే టంకం కడ్డీ తీస్తాం తప్ప డాక్టరు దగ్గరికి పోము.

చెప్తే ఏమవుతుందో కూడా ఆ క్షణంలోనే తెలిసింది. గూడ్సు బండికి ఈ చివర గార్డు, ఆ చివర ఇంజను. మధ్యలో నలభై యాభై డబ్బాలు. డ్రైవరు గార్డుతో మాట్లాడేది కూతతోనే. ఇన్ని పొట్టి కూతలైతే ఒక మాట, పొడుగు కూతైతే ఇంకో మాట. బ్రేకు వెయ్యమని చెప్పే కూత కూడా అందులో ఉంటుంది. చెవి పోయిందంటే ఆ డబ్బా ఎక్కనివ్వరు. ఆ డబ్బా, ఆ పచ్చజెండా లేకుండా ఈ మనిషిని నేను ఎన్నడూ ఊహించుకోలేదు.

"లేవన్నా" అన్నాను. "మందంగనే ఉన్నది."

పన్నెండేళ్ళలో నేను చెప్పిన మొదటి అబద్ధం. దానికి ఆయన మొహం ఎంత వెలిగిందో ఇప్పటికీ మరువలేను. బరువు దింపుకున్నట్టు గోడకు ఆనుకొని కళ్ళు తుడుచుకున్నాడు. "నాకే పిచ్చి లేసిందనుకున్న తమ్మీ" అన్నాడు. "ఇంట్ల అడిగితే మంచిగనే ఉన్నది అంటది. దానికేం తెలుసు."

వంటింట్లోంచి వదిన పిలిచింది. "సారూ, జర ఇటు రాండ్రి. పై అరల చక్కెర డబ్బా అందుతలేదు."

నేను వెళ్ళాను. చక్కెర డబ్బా పొయ్యి పక్కనే ఉంది. ఆమె చెవుల్లోంచి దూది తీసి కొంగులో ముడేసుకుంది. చెవిపోటు కాదని అప్పుడు తెలిసింది.

"ఏమని చెప్పిండ్రు?" అంది.

నేను తల దించుకున్నాను.

"లేవని అన్నరు గదా. నేను విన్న." గొంతు పెంచకుండానే మాట్లాడింది. పెంచినా ముందు గదిలో ఉన్న ఆయనకు వినబడదన్న సంగతి ఇద్దరికీ తెలుసు. "గా కార్డు రాయిమన్నది నేనే సారూ. రెండేండ్ల సంది చూస్తున్న. పాలు పొంగి గిన్నె మూత దుంకుతున్నా వినవడదు. ఎనుక నుంచి పిలిస్తే పలుకడు. నేను చెప్తే కొట్టనీకి వచ్చినట్టు చేస్తడు. మీరైతే విన్నది విన్నట్టు చెప్తరని, మీ మాటైతే ఆయన వింటడని రాయిపిచ్చిన."

నేను పొయ్యి పక్కన చక్కెర డబ్బా చేతిలోకి తీసుకున్నాను. ఆమె ఆపలేదు.

"పోయిన నెల గార్ల స్టేషన్ అవతల ఇంజను కూసి కూసి ఆగిందట. డ్రైవరు పట్టాల పొంటి ఈ కొస దాక నడుసుకుంట వచ్చి అడిగిండట. గాలికి వినవడలేదని చెప్పిండట ఈయన. డ్రైవరు మంచోడు, ఊకున్నడు. ఇంటికొచ్చి నవ్వుకుంట చెప్పిండు నాకు. నాకు మూడొద్దులు అన్నం పోలేదు." కొంగు ముడి విప్పి, మళ్ళీ వేసింది. "ఇయ్యాల నాలుగింటికి మళ్ల పోతడు. ఆయనకేమన్న అయితే నేను ఏడుస్త. ఆ కొసకున్నోళ్లకేమన్న అయితే ఎవలు ఏడుస్తరు?"

ముందు గదిలో గచ్చు మీద ఇనుము తగిలిన మోత వినిపించింది. గడ్డపార తీశాడు.

నేను ఎట్లా ముందు గదిలోకి వచ్చానో తెలియదు. ఆయన ఒక గోలెం మీది స్పీకరు విప్పి చాప మీద పెట్టి, గడ్డపార రెండు చేతులా ఎత్తి ఉన్నాడు. నేను అడ్డంగా పోయి గోలెం మూతి మీద చెయ్యి పెట్టాను. ఆ దెబ్బ దిగి ఉంటే ఈ రాత ఇంకో చేత్తో రాయాల్సి వచ్చేది.

"జరుగు" అన్నాడు.

"ఒక్కసారి విందాం అన్నా. నేను సరిగ్గ వినలేదు."

"గిప్పుడే లేవన్నవ్ గదా."

"ఇప్పుడు నువ్వు విను. పద్ధతి ప్రకారం. కళ్ళు మూసుకో. నేను అడిగింది చెప్పు. అప్పుడు గూడ లేవంటే నేనే పలగ్గొడ్త."

ఆయనకు కోపం వచ్చింది కానీ, పద్ధతి అన్నాక కాదనలేడు. గడ్డపార పక్కన పెట్టి, గోడకు ఆనుకొని కళ్ళు మూసుకున్నాడు. వదిన వంటింటి గడపలో నిలబడింది. నేను స్పీకరు మళ్ళీ మూతి మీద పెట్టి, క్యాసెట్టు మొదటికి తిప్పి బటన్ నొక్కాను. నాబు అట్లాగే ఉంచాను. గజ్జెలు మళ్ళీ గుచ్చుకున్నాయి. వదిన చెవులు మూసుకోలేదు.

"చిన్న స్పీకర్లు పాడుతున్నయా అన్నా?" గట్టిగా అడిగాను.

"పాడుతున్నయ్. మందంగ."

నేను ఒక కొబ్బరి చిప్ప తీగ క్లిప్పు ఊడదీశాను. రెండోది కూడా ఊడదీశాను. గదిలో గజ్జెలు ఒక్కసారిగా ఆగిపోయాయి, తాళాలు ఆగిపోయాయి. డోలు, కథకుడి గొంతు మాత్రం ఏదో గోడ అవతల నుంచి వస్తున్నట్టు మిగిలాయి. వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన మొహంలో ఒక్క గీత కూడా మారలేదు.

"ఇప్పుడో?" ఇంకా గట్టిగా అడిగాను.

"గట్లనే ఉన్నది. మునుపట్లనే. చెప్తున్న గదా గోలాలే..."

నేను రెండు చిప్పలూ తీగ మీంచి తీసి ఆయన ఒళ్ళో పెట్టాను.

ఆయన కళ్ళు తెరిచాడు. ఒళ్ళో చిప్పలు చూశాడు. ఖాళీగా వేలాడుతున్న క్లిప్పులు చూశాడు. పైన తీగ చూశాడు. ఒక చిప్పను చెవికి ఆనించుకున్నాడు, దించాడు. క్యాసెట్టు నడుస్తూనే ఉంది. దాన్ని ఆపాలన్న ఆలోచన నాకూ రాలేదు. ఆయన మెల్లగా మెడ తిప్పి గడపలో ఉన్న భార్యను చూశాడు.

"ఎన్నొద్దుల సంది?" అన్నాడు.

ఆమె రెండు వేళ్ళు చూపించింది.

"నెలలా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. నాకు ఏడుపొచ్చింది. ఆయనకు రాలేదు. లేచి, క్యాసెట్టు ఆపి, వైరు ముక్కలన్నీ ఏరి ఒక డబ్బాలో వేసుకున్నాడు. గడ్డపార పెరట్లో పెట్టి వచ్చాడు. వదిన అన్నం పెట్టింది. ముగ్గురం తిన్నాం. మూడు గంటలకు ఆయన ఇస్త్రీ బట్టలు తొడిగి, జెండాలు చంకలో పెట్టుకొని బయల్దేరాడు. వదిన నా వంక చూసింది. నేను చెప్పులు వేసుకొని వెంట నడిచాను.

దారి పొడుగునా నాకు ఒకటే ఆలోచన. బండెక్కుతాడా, ఎక్కకుండా ఉంటాడా? ఎక్కితే నేనేం చెయ్యాలి? స్టేషన్ మాస్టరు దగ్గరికి పోయి చెప్పగలనా? చెప్పగలననే అనుకున్నాను, కానీ పొద్దున అబద్ధం ఆడినవాణ్ణి నేను, నా మీద నాకే నమ్మకం లేదు. ఆయన నా కంటే రెండడుగులు ముందు నడుస్తున్నాడు. స్టేషన్‌లో ఖాళీ బొగ్గు డబ్బాల బండి నిలబడి ఉంది. ఆయన దాని వైపు ఒకసారి చూసి, మాస్టరు గదిలోకి పోయాడు. నేను తలుపు దగ్గర ఆగాను.

"ఇయ్యాల నేను బండెక్కను సార్" అన్నాడు. "చెవులు వినవడ్తలేవు. దవాఖానకు చిట్టీ రాయుండ్రి."

మాస్టరు పరాచికమనుకొని నవ్వబోయి, జెండాలు బల్ల మీద పెట్టడం చూసి ఆగిపోయాడు.

ఇంకో గార్డు వచ్చేసరికి బండి ఆలస్యమైంది. మేమిద్దరం ప్లాట్‌ఫారం చివర, గార్డు డబ్బా పక్కన నిలబడ్డాం. చాలా దూరం నుంచి ఇంజను కూసింది. కొత్త గార్డు పచ్చజెండా ఊపాడు. అన్న నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. నేను వేళ్ళతో ఎన్ని కూతలో చూపించాను. ఆయన తల ఊపాడు. చివరి డబ్బా మలుపు తిరిగేదాకా అట్లాగే నిలబడ్డాడు.

రిటైరయ్యేదాకా ఆయన్ని సామాన్ల గదిలో వేశారు. నేను పోవడం మానలేదు. ఇప్పుడు నాబు దగ్గర పెన్సిలుతో ఒక గీత ఉంది. వదిన తనకు హాయిగా వినబడిన చోట పెట్టిన గీత అది. ఆయన దాన్ని ముట్టడు. ఆమె చెవుల్లో దూది లేదు. పక్క క్వార్టరు కిటికీ తెరిచే ఉంటుంది. ఆ గోలాలు అంత బాగా పాడటం నేను అంతకు ముందు వినలేదు. ఆ మాట పైకి అనడానికి నాకు సిగ్గుగా ఉంటుంది.

నేను పోయినప్పుడల్లా ఆ క్యాసెట్టే పెట్టించుకుంటాడు. గోలెం మీద అరచెయ్యి ఆనించి, డోలు దెబ్బలు చేత్తో వింటూ, మధ్యలో అడుగుతాడు.

"గజ్జెలున్నయా తమ్మీ?"

"ఉన్నయన్నా."

ఆయన తల ఊపడు. మెల్లగా మెడ తిప్పి గడప వైపు చూస్తాడు. వదిన అక్కడ ఏ బియ్యమో ఏరుతూ ఉంటుంది. ఆమె తలెత్తి, ఉన్నాయని సైగ చేస్తుంది. ఆ తర్వాతే ఆయన కళ్ళు మూసుకుంటాడు.